అనుభవం దానంతట అది పాఠం చెప్పదు

హైదరాబాద్ మాదాపూర్‌లోనైనా, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోనైనా, అమెరికాలో మనవాళ్లు పనిచేసే ఆఫీసుల్లోనైనా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ముగిసే తీరు దాదాపు ఒకటే. గో-లైవ్ అవుతుంది. క్లయింట్ నుంచి మెచ్చుకోలు మెయిల్ వస్తుంది. కేక్ కోస్తారు. వారం తిరగకముందే సగం టీమ్ వేరే ప్రాజెక్టుకు వెళ్లిపోతుంది. ఇద్దరు ముగ్గురు బెంచ్ మీదకు వస్తారు, మిగిలినవాళ్లు సపోర్ట్‌లో ఉండిపోతారు. ఇన్ని నెలల్లో ఏం జరిగింది, ఎందుకలా జరిగింది, వచ్చేసారి ఏం మార్చుకోవాలి అని అందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం మాత్రం జరగదు. జరిగినా ఆఖరి శుక్రవారం సాయంత్రం ఓ అరగంట. 'ఏం బాగా జరిగింది, ఏం జరగలేదు' అన్న రెండు గడులు నింపి, ఆ ఫైల్‌ను షేర్‌పాయింట్‌లో పడేసి ఇళ్లకు వెళ్తారు.

దీన్ని అలసట అనో, తీరిక లేకపోవడం అనో సరిపెట్టుకోలేం. దీని వెనక గట్టిగా పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. అయిపోయిన పెళ్లికి మేళమెందుకు అన్నదే ఆ అభిప్రాయం. డెలివరీ మేనేజర్ల నుంచి నిన్నగాక మొన్న చేరిన ఫ్రెషర్ల దాకా చాలామంది దీన్ని నమ్ముతారు, వాదిస్తారు కూడా. ఆ వాదనలు అయిదు. పనిచేసినవాళ్లకు అనుభవం ఎలాగూ వచ్చింది కాబట్టి మళ్లీ కూర్చోవడం దేనికన్నది మొదటిది. ప్రాజెక్టు బాగానే ముగిసినప్పుడు, లేదా వచ్చిన తప్పును అప్పటికే సరిచేసినప్పుడు తవ్వుకోవాల్సిందేమీ లేదన్నది రెండోది. అలా కూర్చుంటే ఒకరి మీద ఒకరు నెపాలు వేసుకోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదన్నది మూడోది. అంత టైమ్ లేదు, ఆ గంటలకు క్లయింట్ డబ్బివ్వడన్నది నాలుగోది. ఇలా వెనక్కి చూసుకునే సమావేశాలు, అంటే రెట్రోలు, ఎన్ని పెట్టినా ఏదీ మారదన్నది అయిదోది.

ఈ అయిదింటిలో ఏ ఒక్కటీ నిలవదు. టీమంతా కలిసి తన పనిని తాను పరిశీలించుకునేదాకా ప్రాజెక్టు ముగిసినట్టే కాదన్నది నా వాదం.

మొదట అనుభవం మాట చూద్దాం. అనుభవం రావడం వేరు, పాఠం నేర్వడం వేరు. ప్రాజెక్టులో ఎవరి అనుభవం వారిది. ఎస్టిమేట్ ఎందుకు తప్పిందో డెవలపర్‌కు ఒకలా కనిపిస్తుంది, టెస్టర్‌కు ఇంకోలా కనిపిస్తుంది. రిక్వైర్‌మెంట్ మూడుసార్లు మారడం వెనక క్లయింట్ దగ్గర ఏం నడిచిందో ఆన్‌సైట్‌లో ఉన్న మనిషికే తెలుసు. ఆ మార్పు వల్ల ఇక్కడ ఎన్ని రాత్రులు పోయాయో ఆ మనిషికి తెలియదు. ముక్కలుగా ఉన్న ఈ తెలివిడిలో ఎవరి ముక్కను వాళ్లు పట్టుకుపోతే సంస్థకు మిగిలేది సున్నా.

పైగా జ్ఞాపకం నమ్మదగిన సాక్షి కాదు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, సోవియట్ యూనియన్ పర్యటనలకు బయల్దేరేముందు ఫిష్‌హాఫ్, బేత్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరు విద్యార్థులను ఏమేం జరగవచ్చో, ఏది జరగడానికి ఎంత అవకాశం ఉందో అంచనా వేయమన్నారు. పర్యటనలు ముగిశాక, మీరు అప్పుడు వేసిన అంచనాలేమిటో గుర్తుచేసుకుని రాయమన్నారు. నిజంగా జరిగినవాటికి తాము మొదట్లో ఇచ్చిన దానికన్నా ఎక్కువ అవకాశమే ఇచ్చామని ఎక్కువమంది రాశారు. 1975లో వెలువడిన ఆ అధ్యయనం చెప్పేది ఒకటే: ఫలితం తెలిశాక మనిషి తన పాత ఆలోచనను తనకు తెలియకుండానే దిద్దుకుంటాడు. 'ఇది ఇలా అవుతుందని నాకు ముందే తెలుసు' అనే మాట మన ఆఫీసుల్లో ఎన్నిసార్లు వినబడుతుందో చూడండి. ముందే తెలుసనుకునేవాడు కొత్తగా నేర్చుకునేదేముంటుంది? అందుకే నిజమైన రెట్రో జ్ఞాపకాల మీద నడవదు, రికార్డు మీద నడుస్తుంది. మొదటి ఎస్టిమేట్ ఎంత, చివరి లెక్క ఎంత, ఏ టికెట్ ఎన్నిసార్లు మళ్లీ తెరిచారు, ఏ నిర్ణయం ఏ తేదీన ఎవరెవరు ఉండగా తీసుకున్నారు అన్నవి ముందు బల్ల మీదకు రావాలి. కోలియర్, డిమార్కో, ఫియరీ 1996లో ప్రతిపాదించిన పద్ధతి సరిగ్గా ఇదే. ముందు టీమ్ అందరి దగ్గరా ప్రశ్నావళి, తర్వాత అంకెల సేకరణ, ఆపైన చర్చ, ఆ పైన ప్రాజెక్టు చరిత్రను కాలక్రమంలో పరిశీలించడానికే ఒక రోజు, చివరికి ఫలితాలను అందరికీ అందేలా రాసి ప్రకటించడం. మనం ఈ అయిదు మెట్లనూ అరగంటలోకి కుదించి, ఆ అరగంటకు ఫలితం లేదంటున్నాం.

ఇక రెండో వాదన. బాగా ముగిసిన ప్రాజెక్టును తవ్వడమెందుకు అనేవాళ్లు ఏరియన్-5 కథ తెలుసుకోవాలి. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఐరోపా కొత్త రాకెట్ ఏరియన్-5 తొలిసారి లేచింది. ఇంజిన్ అంటుకున్న 40 సెకన్లలోపే దారి తప్పి, నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలతో సహా ముక్కలైంది. కారణం సాఫ్ట్‌వేర్. అడ్డంగా సాగే వేగానికి సంబంధించిన ఒక 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోతే అది పట్టలేదు. ముఖ్య కంప్యూటర్, దానికి తోడుగా పెట్టిన కంప్యూటర్ రెండూ ఒకే సాఫ్ట్‌వేర్‌తో నడుస్తున్నాయి కాబట్టి రెండూ ఒకే లోపంతో ఆగిపోయాయి.

ఆ సాఫ్ట్‌వేర్ కొత్తగా రాసింది కాదు. ఏరియన్-4లో చక్కగా పనిచేసి పేరు తెచ్చుకున్నదే. లియోన్స్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం ఆ ఏడాది జూలై 19న ఇచ్చిన నివేదికలో తేల్చిన విషయాలు ప్రతి టీమ్ లీడ్ చదవాల్సినవి. ప్రమాదం ఉన్న ఏడు చలరాశుల్లో నాలుగింటికే రక్షణ పెట్టారు. కంప్యూటర్ మీద భారం 80 శాతం దాటకూడదన్న లక్ష్యం వల్ల మిగిలిన మూడింటినీ వదిలేశారు. ఏరియన్-4 ప్రయాణించే తీరుకు ఆ నిర్ణయం సరిపోయింది. అయితే ఎందుకు వదిలేశారో చెప్పే సమర్థన కోడ్‌లో నేరుగా ఎక్కడా కనిపించలేదు. అసలు ఆ లెక్క చేసే భాగానికి ఏరియన్-5 పైకి లేచాక పనే లేదు. పాత రాకెట్ అవసరం కోసం పెట్టినది అలాగే వచ్చేసింది. ఏరియన్-5 అడ్డంగా వేగం పుంజుకోవడం ఎక్కువ కాబట్టి పాత హద్దు దాటిపోయింది.

విజయాన్ని పరిశీలించకుండా వదిలేస్తే జరిగేది ఇదే. ఏ షరతుల మీద అది పనిచేసిందో ఎవరూ రాసిపెట్టరు. ఆ షరతులు మారిన రోజున పాత విజయమే కొత్త ప్రమాదమవుతుంది. మన ఆఫీసుల్లో 'పోయిన ప్రాజెక్టులో ఇదే ఫ్రేమ్‌వర్క్ వాడాం, ఏ సమస్యా రాలేదు, ఇక్కడా పెట్టేయండి' అనే నిర్ణయం ఎంత సులువుగా జరిగిపోతుందో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. పోయినసారి యూజర్లు ఎందరు, డేటా ఎంత, ఏ మినహాయింపులతో నెట్టుకొచ్చారు అన్నవి అడిగేవాడు ఉండడు. బాగా జరిగిన ప్రాజెక్టుకు రెట్రో ఇంకా ఎక్కువ అవసరం. దాన్ని మళ్లీ వాడబోతున్నాం కాబట్టి.

తప్పును అప్పుడే సరిచేశాం కదా, ఇంకేం కావాలి అన్నదీ ఇదే వాదనలో భాగం. దీనికి జవాబు నైట్ క్యాపిటల్. అప్పట్లో అమెరికా షేర్ మార్కెట్‌లో పెద్ద ట్రేడింగ్ సంస్థ అది. 2011 అక్టోబరులో అక్కడ ఒక డిజాస్టర్ రికవరీ పరీక్ష చేశారు. పరీక్ష కోసం ఎక్కించిన నకిలీ డేటాతోనే సోమవారం ఉదయం అసలు ట్రేడింగ్ మొదలై, దాదాపు 75 లక్షల డాలర్లు పోయాయి. సంస్థ వెంటనే కదిలింది. ఆ సిస్టమ్ పనివేళలు కుదించారు, చెక్‌లిస్ట్‌లో ఒక వరుస చేర్చారు. అక్కడితో ఆ అధ్యాయం మూసేశారు. ఏ సిస్టమ్ నుంచైనా సరే తప్పుడు ఆర్డర్లు మార్కెట్‌లోకి పోకుండా ఆపే కట్టుబాట్లు తమ దగ్గర ఉన్నాయా అన్న పెద్ద ప్రశ్న వేసుకోలేదు.

ఏడాది తిరగలేదు. 2012 జూలై చివర్లో కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో ఏడింటికే ఎక్కించారు. ఎనిమిదోదానిలో 2003 నుంచి వాడని పాత కోడ్ అలాగే ఉంది. ఆ పాత కోడ్‌ను నడిపించే ఫ్లాగ్‌నే కొత్త పనికి వాడుకోవడంతో, ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే అది మేల్కొని లక్షల కొద్దీ ఆర్డర్లు పంపింది. 45 నిమిషాల్లో పోయింది 46 కోట్ల డాలర్లకు పైనే. మార్కెట్ తెరవక ముందే లోపాన్ని సూచిస్తూ 97 ఆటోమేటిక్ మెయిల్స్ ఉద్యోగులకు వచ్చాయి. ఎవరూ పట్టించుకోలేదు. మరుసటి ఏడాదికి ఆ సంస్థ వేరే సంస్థలో కలిసిపోయింది. అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2013 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వులో వీటన్నిటితో పాటు ఆ 2011 సంఘటన కూడా నమోదైంది. సరిచేయడం అంటే ఆ ఒక్క బగ్‌ను మూయడం. నేర్చుకోవడం అంటే అలాంటి బగ్ లోపలికి రాగలిగిన దారిని మూయడం. మొదటిది ఒక టికెట్‌తో అయిపోతుంది. రెండోదానికి టీమంతా కూర్చోవాలి.

మూడో వాదన నెపాల గురించి. దీన్ని తేలిగ్గా తీసెయ్యలేం, ఎందుకంటే మన ఆఫీసుల్లో ఇది నిజమైన భయం. పక్కన మేనేజర్ కూర్చుని ఉంటాడు. రెండు నెలల్లో అప్రైజల్ ఉంటుంది. 'ఆ మాడ్యూల్ నేనే ఆలస్యం చేశాను' అని ఒప్పుకున్న మాట రేటింగ్‌లో తేలుతుందేమోనని ఎవరికైనా గుబులే. పెద్దవాళ్ల ముందు ఎదురు చెప్పకూడదనే పెంపకం దానికి తోడు. అయితే ఈ భయం రెట్రో వద్దనడానికి కారణం కాదు, దాన్ని సరిగ్గా నడపాలనడానికి కారణం. నార్మన్ కెర్త్ 2001లో రెట్రోస్పెక్టివ్‌ల మీద రాసిన పుస్తకానికి పునాదిగా ఒక నియమం పెట్టాడు. ఆనాటికి తెలిసిన విషయాలు, ఉన్న నైపుణ్యం, అందిన వనరులు, నెలకొన్న పరిస్థితుల్లో ప్రతి ఒక్కరూ తమకు చేతనైనంత బాగా పనిచేశారని నమ్మి మొదలుపెట్టాలన్నది ఆ నియమం. ఇది మొహమాటానికి చెప్పే మాట కాదు. ఆ నమ్మకంతో మొదలైతేనే 'ఎవరు చేశారు' అన్న ప్రశ్న పక్కకు జరిగి 'అలా చేయడం ఆ రోజున సరైనదిగా ఎందుకు కనిపించింది' అన్న ప్రశ్న ముందుకొస్తుంది.

ఆ రెండో ప్రశ్న ఎంత లోతుకు తీసుకెళ్తుందో గిట్‌ల్యాబ్ చూపించింది. 2017 జనవరి 31 రాత్రి అక్కడ ఒక ఇంజినీరు రెండో డేటాబేస్ సర్వర్‌లో తీసేయాల్సిన ఫోల్డర్‌ను పొరపాటున ముఖ్య సర్వర్‌లో తీసేశాడు. దాదాపు 300 జీబీ డేటా పోయింది. ఎవరు చేశారో ఆ క్షణానే తెలుసు. నెపం వేసే సంస్థ అయితే ఆ మనిషిని ఇంటికి పంపి ఫైల్ మూసేసేది. గిట్‌ల్యాబ్ ప్రకటించిన విశ్లేషణలో ఆ పేరు లేదు, జరిగిందంతా ఉంది. బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ డేటాబేస్ వెర్షన్‌కు సరిపడక ఎప్పటినుంచో విఫలమవుతూ ఉంది. విఫలమైందని చెప్పే మెయిల్స్‌ను మెయిల్ సర్వర్ తిరస్కరిస్తూ వచ్చింది. బ్యాకప్‌లు పనిచేస్తున్నాయో లేదో చూసే బాధ్యత ఎవరి మీదా లేదు. అనుకోకుండా ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ ఉండబట్టి సరిపోయింది, లేకపోతే నష్టం ఇంకా ఎంతో ఎక్కువయ్యేది. ఆ ఇంజినీరును తీసేసి ఊరుకుని ఉంటే ఈ లోపాల్లో ఒక్కటైనా బయటపడేదా?

ఏమీ మాట్లాడకుండా ఉంటే టీమ్ ప్రశాంతంగా ఉంటుందనేది కూడా భ్రమే. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆస్పత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించి 1996లో ప్రకటించిన అధ్యయనంలో, నాయకత్వం బాగున్న బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని దాని అర్థం కాదని, చేసినవి దాచకుండా చెప్పగలుగుతున్నారని ఆమె గ్రహించింది. పొరపాట్లే లేని టీమ్ అని మనం మెచ్చుకునేది చాలాసార్లు పొరపాట్లు చెప్పుకోలేని టీమ్.

నాలుగోది టైమ్. లెక్క వేద్దాం. ఎనిమిదిమంది ఆర్నెల్లు పనిచేస్తే, నెలకు 21 పనిదినాల చొప్పున వెయ్యికి పైగా మనిషి-రోజులు. ఒక పూర్తి రోజు అందరూ కూర్చుంటే ఎనిమిది. ఒక్క శాతం కూడా కాదు. ఒక్క రిక్వైర్‌మెంట్ తప్పుగా అర్థమై తిరగరాస్తేనే ఇంతకు రెండింతలు పోతుంది, దానికి ఎవరూ లెక్క అడగరు. టానెన్‌బామ్, సెరసోలి 2013లో 46 నమూనాలను కలిపి చేసిన విశ్లేషణలో, సరిగ్గా నడిపిన డీబ్రీఫ్‌లు, అంటే పని ముగిశాక జరిపే ఇలాంటి సమీక్షలు, బృందాల, వ్యక్తుల పనితీరును సగటున 20 నుంచి 25 శాతం దాకా పెంచినట్టు తేలింది. ఒక శాతం ఖర్చుకు ఇంత రాబడి వచ్చే పని మన ప్రాజెక్టు ప్లాన్లలో ఇంకేముంది?

స్ప్రింట్ రెట్రోలు చేస్తున్నాం, అవి చాలవా అనేవాళ్లున్నారు. చాలవు. రెండు వారాల స్ప్రింట్‌లో రెండు వారాల సంగతులే కనిపిస్తాయి. కాంట్రాక్టు కుదిరిన రోజున వేసిన ఎస్టిమేట్, మొదటి నెలలో ఎంచుకున్న ఆర్కిటెక్చర్, మధ్యలో ఇద్దరు సీనియర్లు వెళ్లిపోవడం లాంటి పెద్ద కారణాలు ప్రాజెక్టు మొత్తాన్ని ఒక్కసారిగా పరిచి చూస్తేనే తెలుస్తాయి. 2001లో 17 మంది కలిసి రాసిన ఎజైల్ మ్యానిఫెస్టో వెనక ఉన్న 12 సూత్రాల్లో చివరిది, టీమ్ ఎప్పటికప్పుడు తన పనితీరును పరిశీలించుకుని మార్చుకోవాలన్నదే. ఎజైల్ పేరుతో రోజూ స్టాండప్‌లు పెట్టి ఈ సూత్రాన్ని మాత్రం వదిలేయడం ఎజైల్ అనిపించుకోదు.

చివరిది, అన్నిటిలోకి బలమైనది: ఎన్ని పెట్టినా ఏదీ మారదు. ఇందులో నిజం ఉంది. ఇరవై యాక్షన్ ఐటమ్స్ రాసి ఒక్కదానికీ మనిషి పేరు, తేదీ లేకుండా వదిలేసే సమావేశాల వల్ల ఏదీ మారదు. అయితే లోపం వెనక్కి చూడటంలో లేదు, చూసినదాన్ని ముందు పనిలోకి తేకపోవడంలో ఉంది. అలా తెస్తే ఏమవుతుందో మన శ్రీహరికోట నుంచి లేచిన చంద్రయాన్-3 చూపించింది.

2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయింది. చంద్రయాన్-3 సమయంలో ఇస్రో ఛైర్మన్‌గా ఉన్న సోమనాథ్ ఆ కారణాలు వివరించారు. అయిదు ఇంజిన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ బలం ఇచ్చాయి. లెక్కల్లో తేడాలు పోగయ్యాయి. వాటిని దిద్దుకోవడానికి వేగంగా తిరగాల్సి వస్తే సాఫ్ట్‌వేర్ ఆ వేగానికి హద్దు పెట్టింది. దిగాల్సిన చోటు 500 మీటర్ల చదరం మాత్రమే. వీటిలో ప్రతి ఒక్కటీ చంద్రయాన్-3లో మార్పుగా మారింది. ఇంజిన్లు నాలుగయ్యాయి, కాళ్లు గట్టిపడ్డాయి, ఇంధనం పెరిగింది, వేగాన్ని కొలిచే కొత్త లేజర్ పరికరం వచ్చింది, సాఫ్ట్‌వేర్ మారింది, దిగే చోటు సుమారు 4 కిలోమీటర్ల పొడవు, 2.5 కిలోమీటర్ల వెడల్పుకు విస్తరించింది. ఏవేవి విఫలం కావచ్చో ముందే ఊహించి, అయినా దిగేలా డిజైన్ చేశామని ఆయన చెప్పారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద నిలబడింది. వెనక్కి చూడటం వల్ల ఏదీ మారదనే మాటకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

మన ప్రాజెక్టులు చంద్రుడి మీదకు వెళ్లకపోవచ్చు. ఒక బ్యాంకు యాప్, ఒక ఆస్పత్రి బిల్లింగ్, ఒక బీమా క్లెయిమ్‌ల సిస్టమ్ కావచ్చు. వాటి మీద ఆధారపడే మనుషులకు అవి తక్కువవి కావు. రాత్రులు తెల్లవార్లు మేలుకుని వాటిని నడిపే కుర్రవాళ్ల ఆరోగ్యమూ తక్కువది కాదు. అదే ఎస్టిమేట్ తప్పు, అదే ఆఖరి వారం హడావుడి, అదే వారాంతపు రిలీజ్ ప్రతి ప్రాజెక్టులోనూ తిరిగి వస్తున్నాయంటే, మనవాళ్లు చేతకానివాళ్లు కావడం వల్ల కాదు. నేర్చుకునే రోజును మనం ప్లాన్‌లో పెట్టకపోవడం వల్ల.

కాబట్టి డెలివరీ మేనేజర్లకు ఒక మనవి. ఎస్టిమేట్ వేసే రోజునే రెట్రోకు ఒక పూర్తి రోజు రాసిపెట్టండి, టీమ్‌ను వేరే ప్రాజెక్టుకు పంపకముందే దాన్ని జరపండి. ఆ గదిలో వినబడిన ఒక్క మాట కూడా అప్రైజల్‌లోకి రాకూడదు. టీమ్ లీడ్‌లు ముందుగా రికార్డు తీయండి, ముందుగా చిన్నవాళ్లను మాట్లాడనివ్వండి. మూడు మార్పులకు మించి రాయకండి, ఆ మూడింటికీ పేరు, తేదీ పెట్టండి, తర్వాతి ప్రాజెక్టు కిక్-ఆఫ్ రోజున మొట్టమొదట వాటినే చదవండి. కొత్తగా చేరినవాళ్లు, మీ పెద్దలు పిలవకపోతే మీరే అడగండి. ఆ ఒక్క రోజు జరగనంతవరకు, క్లయింట్ ఎంత మెచ్చుకున్నా, మీ ప్రాజెక్టు ఇంకా పూర్తికాలేదు.